కెనెడీలంతా ఒక్కటేనా? ఒక ఐరిష్ ఇంటిపేరు వెనక చిక్కుముడి

డబ్లిన్‌లో టూరిస్టులు తిరిగే వీధుల్లో గిఫ్ట్ షాపుకి వెళ్తే గుమ్మం పక్కనే ఒక తిరిగే స్టాండ్ కనబడుతుంది. దాని నిండా కీచెయిన్లు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు, కింద ఒక డాలు బొమ్మ. మర్ఫీ, కెల్లీ, ఓ'బ్రయన్, వాల్ష్, కెనెడీ. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఆ స్టాండ్‌ని తిప్పి తిప్పి తమ పేరు వెతుక్కుంటారు, దొరికితే ముఖం వెలిగిపోతుంది. మా ఆఫీసులో ఒక కెనెడీ ఉన్నాడు. కీచెయిన్ బల్లమీద పెట్టి "మేం ఐర్లండ్ రాజుల వంశం, అమెరికా ప్రెసిడెంట్ జాన్ కెనెడీ మాకు చుట్టం" అన్నాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు వాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారని అప్పుడు నవ్వుకున్నాను కానీ, ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది, ఇందులో నిజం ఎంత?

2025లో జాన్ కెనెడీ తమ్ముడి కొడుకు రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ అమెరికా ఆరోగ్య శాఖ మంత్రి అయ్యాక ఆ కుటుంబం మళ్ళీ వార్తల్లోకి ఎక్కింది, "ప్రాచీన ఐరిష్ రాజవంశం" లాంటి మాటలు కూడా దాంతోపాటే తిరగడం మొదలుపెట్టాయి. ఇందులో కొంత నిజం ఉంది, కొంత సగం నిజం, కొంత కీచెయిన్ వ్యాపారం. విడదీసి చూద్దాం.

"ఓ" అంటే ఏమిటి, "మాక్" అంటే ఏమిటి

మన ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ళ నుంచి వచ్చాయి. ఐరిష్ పేర్లు అలా కాదు, మనుషుల నుంచి వచ్చాయి. "మాక్" అంటే కొడుకు. "ఓ" అంటే, పాత రూపం "ఉవ", మనవడు, ఇంకాస్త సాగదీస్తే వారసుడు. ఓ'బ్రయన్ అంటే బ్రయన్ సంతతివాడు, అంతే. మొదట్లో ఇది ఇంటిపేరు కూడా కాదు, నిజంగానే ఫలానావాడి మనవడు అని చెప్పుకునే మాట. ఆ మనవడికి కొడుకు పుట్టాక కూడా పేరు మారకుండా అదే "ఓ" కొనసాగితే, అప్పుడది ఇంటిపేరు అయినట్టు. యూరప్‌లో ఈ పద్ధతి బాగా ముందుగా స్థిరపడిన చోట్లలో ఐర్లండ్ ఒకటి. 916లో చనిపోయిన ఒక చిన్న రాజుని అక్కడి పాత వార్షిక చరిత్రలు ఓ క్లేరీ అనే ఇంటిపేరుతో రాశాయి, ఆ దేశంలో తొలి ఇంటిపేర్ల గురించి మాట్లాడేటప్పుడు దాన్నే ఉదాహరణగా చూపిస్తారు.

ఇంకో సంగతి, ఐరిష్ భాషలో ఇంటిపేరు ఆడవాళ్ళకి మారుతుంది. మగవాడు ఓ కినేడి అయితే కూతురు నీ హినేడి, భార్య ఇ హినేడి. ఒకే ఇంట్లో మూడు రూపాలు. ఇది తెలియని ఇంగ్లీష్ గుమస్తా ముగ్గురినీ కెనెడీ అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఓ పక్కన ఆ కొక్కెం గుర్తు కూడా ఇంగ్లీష్ రాతలో వచ్చి చేరిందే, ఐరిష్‌లో అక్కడ అక్షరం నెత్తిమీద ఒక గీత ఉంటుంది. ఐటీలో ఉన్నవాళ్ళకి ఈ కొక్కెంతో పాత పగే, ఓ'బ్రయన్ అనే కస్టమర్ రాగానే డేటాబేస్‌లో ఏదో ఒక క్వెరీ పగిలిపోతుంది.

కెనెడీ పేరుకి మూలపురుషుడు, అతని తలకాయ

కెనెడీ ఐరిష్ రూపం ఓ కినేడి. అంటే కెన్నేటిగ్ అనేవాడి సంతతి. ఈ పేరుతో చరిత్రలో బాగా తెలిసినవాడు కెన్నేటిగ్ మాక్ లోర్కాన్, ఇప్పటి క్లేర్ జిల్లా ప్రాంతంలో డాల్ గాష్ అనే తెగకి నాయకుడు, 951లో చనిపోయాడు. ఇతని కొడుకే బ్రయన్ బొరు. ఐర్లండ్ మొత్తానికి రాజునని చెప్పుకుని, 1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే రోజున, డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నవాడు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బ్రయన్ పేరు మీద వచ్చిన వాళ్ళు ఓ'బ్రయన్లు. కెనెడీలు బ్రయన్ సంతతి కాదు, బ్రయన్ సోదరుడు డోన్‌కువాన్ వైపు వాళ్ళు. డోన్‌కువాన్ తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకున్నాడు, మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టినట్టే. ఆ రెండో కెన్నేటిగ్ నుంచి ఇంటిపేరు నడిచిందని వంశావళులు చెబుతాయి. కాబట్టి మా ఆఫీసు కెనెడీ అన్నది నిజమే అనుకున్నా, అది రాజుగారి అన్నదమ్ముల బిడ్డల వరస.

పేరుకి అర్థం దగ్గర పండితులు రెండు ముక్కలయ్యారు. మొదటి సగం "కెన్", తల. అందులో తగాదా లేదు. రెండో సగాన్ని కొందరు కవచం అనే మాటతో కలిపి "శిరస్త్రాణం పెట్టుకున్నవాడు" అన్నారు. ఇంకొందరు అది అందవికారం అనే పాత మాట అన్నారు, అంటే "వికారపు తలవాడు". షాపుల్లో అమ్మే వంశచరిత్ర కాగితాల మీద మొదటి అర్థం పెద్దక్షరాల్లో ఉంటుంది, రెండోది ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. కానీ పాత ఐర్లండ్‌లో ఇలాంటి మొరటు పేర్లు వింతేం కాదు. మనిషి రూపాన్ని పట్టుకుని పెట్టిన పేర్లు చాలానే ఉన్నాయి. నాకైతే వికారపు తలే నిజమనిపిస్తుంది, ఎందుకంటే అందమైన అర్థాన్ని తర్వాత కల్పించుకోవడం తేలిక, వికారమైన అర్థాన్ని పనిగట్టుకుని ఎవరూ కల్పించరు.

నది దాటి ఆర్మండ్‌కి

కెనెడీలు మొదట ఉన్నది తూర్పు క్లేర్‌లో, కిలలూ ఊరికి దగ్గర్లో. బ్రయన్ తర్వాత ఓ'బ్రయన్లు, మాక్‌నమారాలు బలపడ్డారు, దాయాదుల పోరు అంటే తెలిసిందే, కెనెడీలు షానన్ నది దాటి అవతలి ఒడ్డుకి, ఇప్పటి ఉత్తర టిప్పరేరికి, జరిగారు. ఆ ప్రాంతం పేరు ఆర్మండ్. అక్కడ వాళ్ళు 16వ శతాబ్దం దాకా ప్రభువులుగా నిలబడ్డారు. మనుషులు ఎక్కువైపోయి ఎవరు ఎవరో చెప్పడం కష్టమయ్యాక మూడు శాఖలుగా చీలారు, ఆ శాఖల పేర్లు జుట్టు రంగుల్లాంటివి: ఫియన్ అంటే తెలుపు, డన్ అంటే గోధుమ, రువా అంటే ఎరుపు. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరు వాళ్ళని పెద్దింటోళ్ళు, కొత్తింటోళ్ళు అని విడదీసుకోవడం లాంటిదే.

ఈ వంశానికి కంటితో చూడగలిగే సాక్ష్యం ఒకటి ఉంది. స్టో మిస్సల్ అని దాదాపు 1,200 ఏళ్ళ నాటి చిన్న పూజా పుస్తకం, చాలావరకు లాటిన్, మధ్యలో కాస్త ఐరిష్. దాన్ని దాచడానికి 11వ శతాబ్దంలో లోహపు పెట్టె ఒకటి చేయించారు. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి, ఇందులో పేరున్న ఒకరు ఐర్లండ్ రాజు డోన్హా, అంటే బ్రయన్ బొరు కొడుకు. 14వ శతాబ్దంలో అదే పెట్టెకి ఇంకోవైపు కొత్త రేకు వేశారు, దానిమీద "ఆర్మండ్ రాజు ఫిలిప్ ఓ కినేడి, అతని భార్య ఆన్యా" కోసం ప్రార్థించమని రాసి ఉంది. ఒకే పెట్టె, ఒకవైపు ఓ'బ్రయన్ల మూలం, ఇంకోవైపు కెనెడీ. 18వ శతాబ్దంలో ఆ పుస్తకం టిప్పరేరిలో కెనెడీల లాకీన్ కోట గోడలో దొరికిందని చెబుతారు. పెట్టె ఇప్పుడు డబ్లిన్ జాతీయ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. కీచెయిన్ స్టాండ్లకి అట్టే దూరం కాదు.

మరి "ఓ" ఎటు పోయింది?

ఇప్పుడు ఓ'కెనెడీ అని రాసుకునేవాళ్ళు తక్కువ, కెనెడీలే ఎక్కువ. ఇంగ్లీష్ వాళ్ళు చట్టం చేసి "ఓ" తీయించేశారు అని ఒక కథ గట్టిగా ప్రచారంలో ఉంది. చట్టం ఒకటుంది, అబద్ధం కాదు. 1465లో చేశారు, ఇంగ్లీష్ అధికారం నడిచే డబ్లిన్ చుట్టుపక్కల ప్రాంతంలో ఉండే ఐరిష్ వాళ్ళు ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఇంగ్లీష్‌లో పెట్టుకోవాలి అని. కానీ అది ఆ కాస్త ప్రాంతం వరకే. టిప్పరేరి కెనెడీల దాకా అది వచ్చే ప్రశ్నే లేదు.

అసలు పని చట్టం కంటే నెమ్మదిగా జరిగింది. 17వ శతాబ్దంలో భూములు పోయాయి, కోర్టు, కౌలు పత్రం, పన్ను లెక్క అన్నీ ఇంగ్లీష్‌లోకి వెళ్ళాయి. రాసేవాడికి ఐరిష్ రాదు, చెప్పేవాడికి ఇంగ్లీష్ రాదు, చెవికి వినబడింది కాగితం మీద పడింది. "ఓ" ఉంటే పల్లెటూరి కాథలిక్ అని వెంటనే తెలిసిపోతుంది కాబట్టి కొందరు తామే వదిలేశారు. ఇంకొందరి పేర్లని ఏకంగా అనువాదమే చేసేశారు, మాక్ గవన్ అంటే కమ్మరి కొడుకు, అది స్మిత్ అయి కూర్చుంది. అందుకే ఐర్లండ్‌లో కనబడే స్మిత్‌లందరూ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు కారు. ఒత్తిడి బయటిదా, లోపలిదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటారు, నిజానికి రెండింటినీ విడదీయడం కష్టం. 1893లో గేలిక్ లీగ్ పుట్టి భాషా ఉద్యమం మొదలయ్యాక చాలా కుటుంబాలు "ఓ"ని మళ్ళీ తగిలించుకున్నాయి. ఓ'సలివన్లు చాలామంది అలా తిరిగొచ్చినవాళ్ళే. కెనెడీలు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

న్యూయార్క్ రేవులో వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో అమెరికా ఆఫీసర్లు పేర్లు మార్చేశారు అనేది ఇంకో కథ. ఆ కేంద్రం తెరిచింది 1892 జనవరి 1న. జాన్ కెనెడీ ముత్తాత బోస్టన్‌లో దిగేనాటికి అది తెరవడానికి ఇంకా నలభై ఏళ్ళ పైనే ఉంది. పైగా అక్కడి గుమస్తాలు ఓడలో రాసుకొచ్చిన జాబితాలు చూసి టిక్కు పెట్టుకున్నారే కానీ కొత్త పేర్లు పెట్టలేదు.

స్కాట్లండ్‌లో వేరే కెనెడీలు

అసలు ముడి ఇక్కడుంది. స్కాట్లండ్ నైరుతి మూల ఎయిర్‌షైర్‌లో కారిక్ అనే ప్రాంతంలో మధ్యయుగం నుంచీ కెనెడీలు ఉన్నారు, వాళ్ళూ పెద్ద జమీందార్లే, 1509లో కాసిల్స్ ఎర్ల్ బిరుదు అందుకున్నారు. సముద్రం అంచున కలేన్ కోట వాళ్ళదే. 1945లో ఆ కోటని స్కాట్లండ్ నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేసినప్పుడు, పై అంతస్తులో ఒక ఫ్లాట్ జనరల్ ఐజెన్‌హోవర్‌కి బతికున్నంత కాలం వాడుకోమని ఇచ్చారు. అంటే జాన్ కెనెడీకి ముందు అధ్యక్షుడైనాయన కెనెడీల కోటలో పడుకున్నాడు, కాకపోతే ఆ కెనెడీలు ఈ కెనెడీలు కాదు.

కాదా? దీని మీద రెండు వాదాలు. ఐర్లండ్ నుంచి ఒక శాఖ సముద్రం దాటి అక్కడ స్థిరపడిందని పాతకాలపు వంశచరిత్రలు రాసినవాళ్ళు ఇష్టపడేవారు. కారిక్‌లోనూ అప్పట్లో ఐరిష్‌కి దగ్గరి గేలిక్ భాషే మాట్లాడేవారు, కెన్నేటిగ్ లాంటి పేరు అక్కడివాళ్ళు కూడా పెట్టుకుని ఉంటారు, దానికి ఐర్లండ్ చుట్టరికం అక్కర్లేదు అన్నది రెండోది. రెండో వాదమే నాకు నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే ఇదే పని మర్ఫీ విషయంలో ఐర్లండ్ లోపలే జరిగింది. మర్ఫీ అంటే సముద్ర యోధుడు, మురహా అనే మామూలు పేరు నుంచి వచ్చింది, వెక్స్‌ఫర్డ్‌లో ఒకసారి, కార్క్‌లో ఒకసారి, రాస్‌కామన్‌లో ఒకసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టింది. ఆ దేశంలో అందరికంటే ఎక్కువమంది మర్ఫీలు ఎందుకున్నారంటే ఇదీ ఒక కారణం. మనకి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో కనబడితే మనం చుట్టరికం కలపం కదా, ఒకే ఊరి పేరు ఇద్దరూ పెట్టుకున్నారు అనుకుంటాం.

1600ల మొదట్లో ఇంగ్లండ్ రాజు ఉత్తర ఐర్లండ్ భూముల్లో స్కాట్లండ్ నుంచి మనుషుల్ని తెచ్చి దింపడం మొదలుపెట్టాక కథ ఇంకా చిక్కుపడింది. స్కాట్లండ్ కెనెడీలు ఆంట్రిమ్, డౌన్ జిల్లాల్లోకి వచ్చారు. ఇప్పుడు ఐర్లండ్‌లోనే రెండు మూటల కెనెడీలు, ఉత్తరాన ఎక్కువగా స్కాట్లండ్ మూలం, ప్రొటెస్టెంట్లు. దక్షిణాన టిప్పరేరి మూలం, కాథలిక్కులు. ఎక్కువగా అంటున్నాను, మొత్తం అనడం లేదు. 1890లో పుట్టిన పిల్లల పేర్లు లెక్కపెట్టి తయారుచేసిన జాబితాలో కెనెడీ 16వ స్థానంలో ఉంది, ఆ అంకెలో ఈ రెండు మూటలూ కలిసిపోయి ఉన్నాయి.

ఒక్క కుటుంబాన్ని పట్టుకుని లెక్క చూద్దాం

జాన్ కెనెడీ ముత్తాత పేరు పాట్రిక్ కెనెడీ. ఊరు వెక్స్‌ఫర్డ్ జిల్లాలో న్యూ రాస్ దగ్గర డంగన్స్‌టౌన్. కౌలు రైతు కుటుంబం, ఇతను చిన్న కొడుకుల్లో ఒకడు, కౌలు పెద్దోడికి పోతుంది, చిన్నోడికి ఓడ టికెట్. అప్పటికి బంగాళదుంప తెగులు దేశాన్ని తినేస్తోంది. 1841లో 80 లక్షలకి పైగా ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షల దగ్గరికి పడిపోయింది, దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గకుండా దేశం వదిలారు. 1848-49 ప్రాంతంలో పాట్రిక్ బోస్టన్ చేరి పీపాలు చేసే పనిలో కుదిరాడు, వెక్స్‌ఫర్డ్ నుంచే వచ్చిన బ్రిజెట్ మర్ఫీని పెళ్ళి చేసుకున్నాడు. పదేళ్ళు తిరగకుండానే, 1858 నవంబర్ 22న, పోయాడు. ముని మనవడు డాలస్‌లో చనిపోయింది 1963 నవంబర్ 22న. దీనికి అర్థం ఏమీ లేదు, కానీ చదివినప్పుడు ఒక్క క్షణం ఆగిపోతాం.

ఇప్పుడు లెక్క. జాన్ కెనెడీకి నాలుగువైపులా కలిపి ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మంది. వాళ్ళ ఇంటిపేర్లు: కెనెడీ, మర్ఫీ, హికీ, ఫీల్డ్, ఫిట్జెరాల్డ్, కాక్స్, హానన్, మళ్ళీ ఇంకో ఫిట్జెరాల్డ్. ఎనిమిదిలో ఒకటి కెనెడీ, రెండు ఫిట్జెరాల్డ్. ఫిట్జెరాల్డ్ అసలు గేలిక్ పేరే కాదు, 12వ శతాబ్దంలో వచ్చిన నార్మన్లది, ఫిట్జ్ అంటే ఫ్రెంచ్ నుంచి వచ్చిన "కొడుకు". లెక్క ప్రకారం అయితే ఆయన్ని కెనెడీ అనడం కంటే ఫిట్జెరాల్డ్ అనడమే న్యాయం. ఇలా పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 స్థానాలు, అందులో ఇంటిపేరు వెంట నడిచేది ఒక్కటే. డోన్‌కువాన్ నుంచి పాట్రిక్ దాకా దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు, ముప్ఫై తరాలు వేసుకోండి.

ఆ ముప్ఫై తరాల్లో కాగితం మీద చూపించగలిగేవి చివరి రెండో మూడో. టిప్పరేరి నుంచి ఒక శాఖ తూర్పుకి వెళ్ళి వెక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిందని చెప్పుకుంటారు, అందులో నమ్మలేనిదేం లేదు, కానీ మధ్యలో గొలుసు తెగి ఉంది. మామూలు ఐరిష్ రైతు కుటుంబాలన్నిటికీ ఇదే గతి. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు 1922లో అంతర్యుద్ధం మొదట్లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడినప్పుడు దాదాపుగా బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 వరకువి అంతకుముందే ప్రభుత్వమే పారేయించింది. 1922కి ముందువాటిలో మొత్తంగా మిగిలిన లెక్కలు 1901, 1911వి, వాటిని ఇప్పుడు ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

డీఎన్ఏ ఏం చెబుతోంది

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోమ్, ఇంటిపేరు నడిచే దారిలోనే నడుస్తుంది, అందుకే ఇంటిపేర్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది వరం. బ్రయన్ బొరు తెగతో ముడిపడిన ఇంటిపేర్లలో ఎల్226 అనే గుర్తు బాగా ఎక్కువగా కనబడుతుంది. ఓ'బ్రయన్లలో ఉంది, కెనెడీల్లో కొందరిలో ఉంది. పాత వంశావళులు పూర్తిగా కట్టుకథలు కావు అనడానికి ఇది మంచి ఆధారం. కానీ కెనెడీలందరిలో లేదు. లేకపోవడానికి స్కాట్లండ్ మూలం ఒక కారణం. దత్తతలు, తల్లి ఇంటిపేరు తీసుకున్నవాళ్ళు, దొరగారి పేరునే తమ పేరుగా పెట్టుకున్న కౌలుదార్లు, బయటికి చెప్పుకోని సంగతులు, ఇవన్నీ మిగతా కారణాలు. ముప్ఫై తరాల్లో ఎక్కడో ఒకచోట ఒక్కటి జరిగితే చాలు.

డాలు బొమ్మ ఎవరిది?

ఇక కీచెయిన్. వంశచిహ్నం ఇంటిపేరుకి ఉండదు, మనిషికి ఉంటుంది, అతని వారసులకి ఉంటుంది. దీనికి జాన్ కెనెడీయే మంచి ఉదాహరణ. 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక సెయింట్ పాట్రిక్ పండగ రోజున ఐర్లండ్ ప్రభుత్వం తరఫున ఆయనకి కొత్త చిహ్నం బహూకరించారు. నల్ల డాలు మీద మూడు బంగారు శిరస్త్రాణాలు, అవి ఆర్మండ్ కెనెడీల పాత చిహ్నంలోవి, చుట్టూ అంచు ఫిట్జెరాల్డ్‌లని గుర్తుచేసేది. అధ్యక్షుడు కెనెడీకే "మీ ఇంటిపేరు బొమ్మ ఇదిగో తీసుకోండి" అనలేదు, విడిగా తయారుచేసి ఇచ్చారు. 1963 జూన్‌లో న్యూ రాస్ వచ్చినప్పుడు ఆయన కూడా రాజుల ఊసెత్తలేదు, ముత్తాత వెళ్ళకపోయుంటే ఇక్కడి ఎరువుల కంపెనీలో పనిచేస్తూ ఉండేవాణ్ణి అని జోకేశాడు.

స్కాట్లండ్ కెనెడీల చిహ్నం పూర్తిగా వేరు, తెల్ల డాలు, ఎర్రటి వాసం ఆకారం, మూడు నల్ల శిలువలు. మొన్న మా ఆఫీసు కెనెడీని మీ తాతగారిది ఏ ఊరు అని అడిగాను. ఆంట్రిమ్ జిల్లా అన్నాడు, చర్చి ఏదని అడిగితే ప్రెస్బిటేరియన్, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. అతని కీచెయిన్ మీద ఉన్నవి మూడు శిరస్త్రాణాలు.